ఓబులక్క చదివించిన పుస్తకం

మా ఊరి చుట్టూ సోలార్ పలకలు వచ్చిన తర్వాత, వాన రాకుండానే మట్టి తడిసిన వాసన వస్తోంది. పొద్దున్నే ట్యాంకర్లలో నీళ్ళు తెచ్చి పలకలు కడుగుతారు. ఆ నీళ్ళు అంచుల నుంచి కారి ఎండిన నేల మీద పడతాయి. మొన్న ఆ వాసన వచ్చేసరికి నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. చేతులు ఆగిపోయాయి. కంచె పక్కన ఓబులక్క గొర్రెలు గుంపుగా నిలబడే రోజులు కళ్ళ ముందుకొచ్చాయి. పాపం, ఆ వాసనకు అవి రోజూ మోసపోయేవి. ఎక్కడో పచ్చిగడ్డి మొలిచిందనుకుని పరుగెత్తుకెళ్ళి, ఇనుప వలలోంచి మూతులు లోపలికి దూర్చేవి. "ఏడాదిగా జూస్తాండారు గదే, ఇంగా బుద్ధి రాలేదా మీకు? అది వాన గాదు, పదండి!" అని ఓబులక్క వాటిని కర్రతో మళ్ళించేది. మనుషులతో మాట్లాడినట్లే గొర్రెలతోనూ మాట్లాడేది ఆమె. కోపం కూడా మనుషుల మీద చూపించినంతే చూపించేది.

ఓబులక్కను చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ముందు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. నిడుగల్లు కొండ కింది ఊరి నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. మగవాళ్ళంత పొడవు. గడ్డం మీద పచ్చబొట్టు, ఎడమ కంటికి పొర. డెబ్బై గొర్రెలుండేవి. వాటిలో ప్రతిదాని ముఖం ఆమెకు వేరువేరుగా తెలుసు. ఏది ఎవరి బిడ్డ, ఏది ఏ ముళ్ళకంపలో చెవి చించుకుంది, అన్నీ చెప్పేది. ఒక్క అక్షరం రాదు. అలాంటి మనిషి మా ఊరి బడి సమితికి అధ్యక్షురాలు.

మా కర్ణాటకలో ప్రతి ప్రభుత్వ బడికీ పిల్లల తల్లిదండ్రులతో ఒక సమితి ఉంటుంది. ఎస్‌డిఎంసి అంటారు. ఓబులక్క తల్లి లేని మనవరాలిని పెంచుతూ ఉండేది కాబట్టి ఆమెనూ అందులోకి తీసుకున్నారు. ఆ ఏడు అధ్యక్ష పదవి ఆడమనిషికి ఇవ్వాలని వచ్చింది. ఆమె పేరు రాసుకుంటే ఆమె మొగుడు వచ్చి కూర్చుంటాడు, పని జరిగిపోతుంది అనుకున్నారు అందరూ. మొదటి సభ రోజు అలాగే ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. వెనకాలే ఓబులక్క వచ్చింది. కర్ర ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు పోయి గొర్రెల్ని సూడు."

"సభలో నీకేం తెలుస్తాదే?" అన్నాడాయన.

"గొర్రెలకు నువ్వంటే బయం ల్యాకపోయినా నేనంటే ఉండాది. ఈడ గూడా అంతే. పో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చిన్న కూతురు భవాని అప్పుడు రెండో తరగతి. అందుకని నేనూ ఆ సమితిలో సభ్యురాలినే. అంతకుముందు మా సభలు ఎలా జరిగేవంటే, వెళ్ళి టీ తాగేవాళ్ళం. సమితి పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున వేలిముద్రలు వేసి వచ్చేవాళ్ళం. పైన ఏం రాయాలో హెడ్‌మేష్ట్రు తర్వాత తీరిగ్గా రాసుకునేవాడు. అందులో మోసమేమీ లేదు. ఎప్పటి నుంచో అలా జరుగుతోంది, అంతే. ఓబులక్క మొదటి రోజే ఆ పద్ధతి మాన్పించింది. "ముందు రాయి సార్. రాసింది సదువు. కన్నడంలో ఒగసారి, తెలుగులో ఒగసారి. అప్పుడు ఏలు పెడతాము" అంది. ఆ రోజు నుంచి సభలు సగం పొద్దు పట్టేవి. ప్రతి మాట చదివించేది. చదివాక వెనక వరుసలో ఎవరో ఒకరిని చూసి, "ఏం రాసినాడో నువ్వు జెప్పు" అనేది. వాళ్ళు తడబడితే మళ్ళీ మొదటి నుంచి చదవాల్సిందే. మాకు విసుగ్గా ఉండేది. శెనక్కాయలు పీకే కూలి పోతుందని లోపల తిట్టుకునేవాళ్ళం.

రెండేళ్ళు అలా గడిచాయి. ఊళ్ళో చాలామంది భూములు సోలార్‌కు ఇచ్చారు. మేమూ మా రెండెకరాలు ఇచ్చాం. కొందరు కుటుంబంతో బెంగళూరు వెళ్ళిపోయారు. కొందరి పిల్లలు పసుపు వ్యానెక్కి పావగడ ఇంగ్లీషు బడికి వెళ్ళసాగారు. మా బడిలో పిల్లలు పలచబడ్డారు. మేపు భూములన్నీ కంచె లోపలికి పోవడంతో ఓబులక్క ఆ ఎండాకాలం గొర్రెలను తోలుకుని రెండు నెలలు పక్క తాలూకా వైపు వెళ్ళింది.

ఆమె లేనప్పుడు ఒక సభ జరిగింది. నా బతుకులో నేను చేసిన పెద్ద తప్పు ఆ రోజుది. "పైనుంచి కాగితం వచ్చిందమ్మా. పిల్లలు తగ్గారు, ఏం చేద్దామని అడుగుతున్నారు. జవాబు రాయాలి" అన్నాడు హెడ్‌మేష్ట్రు. మేమంతా ఒకే మాట అన్నాం: "మీకు తెలిసినట్ల రాయండి సార్." ఓబులక్క లేదు, సభ తొందరగా అయిపోతుందని మాకు సంతోషం కూడా కలిగింది. ఖాళీ పేజీ అడుగున అందరం వేళ్ళు వేసి, చేనికి పరుగెత్తాం.

ఓబులక్క తిరిగొచ్చిన రోజు ఇంటికి కూడా పోలేదు. గొర్రెలు బడి గోడ నీడలో నిలబడ్డాయి. కాళ్ళ నిండా దుమ్ముతో వరండాలో కూర్చుని సమితి వాళ్ళనందరినీ పిలిపించింది. "నేను లేనప్పుడు రాసింది సదువు సార్" అంది. మేష్ట్రు పుస్తకం తెరిచాడు. ఆ పేజీ చదివాడు. ఈ బడిని మూడు కిలోమీటర్ల అవతలి బడిలో కలపడానికి తల్లిదండ్రులెవరికీ అభ్యంతరం లేదు. అదీ అందులో ఉన్నది.

ఆ మూడు కిలోమీటర్లూ కంచె వెంబడి, మనుషులు తిరగని దారి. నా పెద్ద కూతురు నాలుగుతో బడి మానడానికి కారణం అలాంటి దారే. అప్పట్లో మా ఊళ్ళో ఐదో తరగతి లేదు. పక్క ఊరికి తోడు వెళ్ళేవాళ్ళు లేరు. ఇప్పుడు భవాని నాలుగుకు వచ్చింది.

"నేనట్ల చెప్పలేదక్కా! దేవుని సాచ్చిగా చెప్పలేదు" అన్నాను.

"జెప్పలేదు. ఏలు పెట్టినావు." ఓబులక్క పుస్తకం నా వైపు తిప్పింది. "ఈటిలో నీ ఏలు యాది రత్నా?"

వంగి చూశాను. పేజీ అడుగున ఏడు మరకలు. పక్కన పేర్లు రాసి ఉన్నాయి, కానీ అవి చదవడం నాకు రాదు. తడి మట్టిలో నా కూతురి అడుగు గుర్తుపడతాను. మా మేక అరుపు పది మేకల్లో గుర్తుపడతాను. నా వేలు నాకు తెలియలేదు. ఒకదాని మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాను. మిగతావాళ్ళూ చూశారు. ఒక్కరికీ తెలియలేదు. ఓబులక్క మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది.

మేష్ట్రు తలెత్తకుండా, "ఈ పేజీ చించేస్తానక్కా. ఇంకా పైకి పంపలేదు" అన్నాడు.

"చించొద్దు సార్. మేము జేసింది మా ముందరే ఉండనీ. ఆఫీసరును పిలువు. ఎనక పేజీలతో పాటు ఇదీ జూపిద్దాం."

తర్వాతి నెల రోజులు ఆమెతో తిరిగాను. ఆ నెలలో నేను చూసింది నాకిప్పటికీ ఆశ్చర్యమే. పలకల మధ్య గడ్డి పీకడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు కంచె అవతల రేకుల షెడ్లలో ఉండేవి. వాళ్ళ పిల్లలు ఏ బడికీ పోరు. మేం ఊరివాళ్ళం వాళ్ళనసలు చూసినట్లే ఉండేవాళ్ళం కాదు. ఓబులక్కకు ఆ పిల్లలందరి పేర్లూ తెలుసు. కంచె వెంబడి గొర్రెలు మేపుతూ రోజూ మాట్లాడేదట. తల్లుల దగ్గర కూర్చుని, పిల్లల తలల్లో పేలు చూస్తూ బడి సంగతి చెప్పింది. వారంలో తొమ్మిది మంది పిల్లలు వచ్చారు.

టీ అంగడి దగ్గర, పిల్లల్ని పసుపు వ్యానులో పంపే తండ్రి ఒకడు గట్టిగానే అన్నాడు: "నీ గొర్రెల బడి ఎవురికి గావాల్లేక్కా!"

"నా గొర్రెలు బడికి రామంటాండాయప్పా. వచ్చింటే నీ ముందర నేనెందుకు నిలబడతాను? మేష్ట్రు లెక్క నిండిపోయేది" అంది ఓబులక్క.

అంగడంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నెల తిరక్కముందే తన చిన్న కొడుకును మా బడికే పంపాడు.

ఆ నెలలోనే నేను బలపం పట్టాను. నేర్పింది హెడ్‌మేష్ట్రే. పిల్లలు వెళ్ళాక వరండా బండల మీద సుద్దతో రాసి దిద్దించేవాడు. నలభై దాటిన వేళ్ళు వంగేవి కావు. భవాని నా పక్కన కూర్చుని, "అమ్మా, అది తలకిందులుగా ఉండాది" అని నవ్వేది. కన్నడ అక్షరాలు ముందొచ్చాయి. అవి వచ్చాక తెలుగు అక్షరాలు చుట్టాల్లా తేలిగ్గానే వచ్చాయి. "నువ్వూ నేర్చుకో అక్కా" అన్నానొకసారి. ఓబులక్క పొర పట్టిన కన్ను తుడుచుకుంది. "నువ్వు సదివి ఇనిపించు. నేను పెట్టుకుంటా" అంది. ఆ 'పెట్టుకుంటా' అన్న మాటకు అర్థం ఆఫీసరు వచ్చిన రోజు తెలిసింది.

ఆయన పావగడ నుంచి మధ్యాహ్నం వచ్చాడు. వరండా నిండా జనం. షెడ్ల తల్లులు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆయన పుస్తకం తిప్పి, "మీరే అభ్యంతరం లేదని రాసిచ్చారు కదమ్మా" అన్నాడు.

"అవును సార్. ఆ పేజీ మాదే. ఇనకుండా ఏలు పెట్టినాము, మా తప్పు" అంది ఓబులక్క. "దానికి ముందరి పేజీలు ఇని పెట్టినాము. అవీ మావే. రత్నా, మొదటి నుంచి తిప్పు."

నేను తిప్పాను. ఓబులక్క పుస్తకం వైపు చూడలేదు. దూరంగా కొండ వైపు ముఖం పెట్టి మొదలుపెట్టింది. మొదటి సభలో మొదటి మాట, రెండో మాట. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు కావాలని అడిగిన సంగతి. రెండో గది పైకప్పు కారుతోందని రాసిన సంగతి. టీచరు బదిలీ అయి ఆరు నెలలైనా ఇంకొకరు రాలేదని, మూడు సభల్లో మూడుసార్లు రాసిన సంగతి. ఏ సభకు ఎవరు రాలేదో, ఏ మాట ఎవరు లేవదీశారో కూడా చెప్పింది. రెండేళ్ళ పుస్తకం. కూడబలుక్కుంటూ నా వేలు అక్షరాల మీద పాకుతోంది. ఆమె నోటి నుంచి వచ్చే మాట, నా వేలి కింద ఉన్న మాట ఒకటే. ఆఫీసరు లేచి వచ్చి నా భుజం మీది నుంచి చూశాడు. ఒకచోట ఆమె ఆగి, "ఈడ సార్ రెండు మాటలు కొట్టేసి మళ్ళ రాసినాడు" అంది. కొట్టివేత అక్కడే ఉంది. డెబ్బై ముఖాలను మనసులో పెట్టుకున్నట్లే మా ఊరు అడిగిన ప్రతి మాటనూ ఆమె పెట్టుకుంది. మేం విసుక్కుంటూ చేనికి పరుగెత్తిన మాటలవి.

ఆమె చెప్పడం ముగించింది. ఆఫీసరు నెమ్మదిగా అడిగాడు, "ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"సదవలేదు సార్. సదివించుకున్న్యాను."

ఆయన కొత్త పేజీ తీయించాడు. ఈ బడి ఈ ఊళ్ళోనే ఉండాలని మేష్ట్రు రాశాడు. కన్నడంలో చదివాడు, తెలుగులో చదివాడు. ఆఫీసరు ముందు కూడా ఓబులక్క తన అలవాటు మానలేదు. వెనక నిలబడిన షెడ్డు తల్లిని పిలిచి, "ఏం రాసినాడో జెప్పమ్మా" అంది. ఆమె భయపడుతూ కన్నడంలో చెప్పింది. సరిగ్గానే చెప్పింది. అప్పుడు పుస్తకం చేతులు మారింది. నా వంతు వచ్చినప్పుడు పేరు రాశాను. చివరి అక్షరం గీత దాటిపోయింది. అది నాదని ఎంత దూరం నుంచైనా చెప్పగలను.

బడి నిలిచింది. తలుపు వచ్చింది. టీచరు మాత్రం మరో ఏడాదికి వచ్చింది.

మనవరాలు బడి దాటాక ఓబులక్క సమితి నుంచి తప్పుకుంది. ఒకరోజు నాతో, "రేపు నిన్ను పెద్దను జేసినా ముందర కుర్చీలో కూర్చోవద్దు పాపా. ఎనక కూర్చో. అర్థం గానోల్లు ఆడ ఉంటారు" అంది. రెండేళ్ళ తర్వాత జ్వరంతో పోయింది. ఆమె పోయిన రోజు మేష్ట్రు బడికి సెలవివ్వలేదు. సెలవిస్తే ఆమెకు నచ్చదని అతనికి తెలుసు.

ఇప్పుడు నా పెద్ద కూతురి బిడ్డ అదే బడిలో ఒకటో తరగతి. దాన్ని పెంచుతున్నది నేనే కాబట్టి మళ్ళీ సమితిలో ఉన్నాను. వెనక వరుసలో కూర్చుంటాను. చదవడం వచ్చినవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళూ చదవకుండానే సంతకం పెట్టేస్తారు. నేను మాత్రం పక్కనున్న మనిషి ముఖం చూస్తాను. పోయిన నెల సభలో ఒక కొత్త కోడలు నా పక్కన కూర్చుంది. మేష్ట్రు చదవడం ముగించి పుస్తకం ఇటు పంపాడు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆగింది. నా వైపు చూసింది. నేనూ ఆమె ముఖం చూశాను. ఆ పిల్ల లేచి నిలబడి, అందరికీ వినిపించేలా, "నాకు అర్థం గాలేదు సార్" అంది.

ముందు వరుసలో ఎవరో ఉస్సురన్నారు. మేష్ట్రు పుస్తకం వెనక్కి తీసుకుని మొదటి వాక్యం నుంచి మళ్ళీ చదివాడు.