ఎనిమిది అక్షరాల్లో కీర్తిశేషులు

జనవరి, మూడో ఆదివారం, ఉదయం పదిన్నర. హాజరైనవారు: మా తెలుగు సంఘం అధ్యక్షులు (బ్యాంకులో పెద్ద హోదాలో రిటైరైనవారు), కార్యదర్శి (హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగి), రేవు పక్కనున్న వాట్‌గంజ్ నుంచి ఒక పెద్దావిడ, మినిట్స్ రాసుకుంటూ నేను. కోరం లేదు. మా సంఘానికి ఎప్పుడూ ఉండదు కాబట్టి సమావేశం సక్రమంగానే మొదలైంది.

ఇక్కడి తెలుగు పెద్దల పాటలు సేకరించి ఒక డిస్కు చేశాం. పాడినవాళ్ళలో పన్నెండుమంది ఇప్పుడు లేరు. వారిలో ఒకరు ఈ పెద్దావిడ భర్త. రేవులో క్రేన్ కింద నిలబడి, పైనున్నవాడికి కేకేసి సరుకు దింపించిన మనిషి. మర్నాడే శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆయన సంవత్సరీకం. సాయంత్రం హౌరాలో ఆవిడ రైలెక్కాలి. డిస్కు పట్టే కంప్యూటర్ ఆ ఊళ్ళో ఒక్కటే, బడిలో ఉంది. కర్మ జరిపించే పంతులుగారు వెళ్ళిపోయేలోగా బంధువులందరికీ ఆ పాట వినిపించాలని ఆవిడ కోరిక.

ఏ కంప్యూటర్‌లో పెట్టినా డిస్కు తెరుచుకోవాలని మా తీర్మానం. కార్యదర్శి తెచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాం. తెరుచుకుంది. కానీ తెర మీద పాటల పేర్లలో పన్నెండుమంది కీర్తిశేషులూ ఒక్కరే అయిపోయారు.

"గిట్లయితదని నేను ముందే చెప్పిన సార్," అన్నాడు కార్యదర్శి. "అన్ని మెషిన్లు ఒప్పుకునేది పాత పద్ధతొక్కటే. పేరుకు ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలే. కొత్తవాటికి పొడుగు పేర్లు సుత పెట్టిన గానీ, ఆ బడిల ఉన్నదానికి గవి కనబడయ్."

మా అధ్యక్షుల ఆదేశం ప్రకారం ప్రతి పేరుకూ ముందు 'లేట్ శ్రీ' చేర్చాం. లెక్క పెట్టాను. ఎల్, ఏ, టీ, ఈ, ఒక అడ్డగీత, ఎస్, ఆర్, ఐ. సరిగ్గా ఎనిమిది. మర్యాద పూర్తయ్యేసరికి మనిషికి చోటు లేదు. బతికున్న ఆడవాళ్ళంతా ఒట్టి 'శ్రీమతి'గా మిగిలారు. అధ్యక్షుల స్వాగతోపన్యాసం 'శ్రీ అధ్య' దగ్గర ఆగింది. ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగడం నేను చూడడం అదే మొదటిసారి.

"అయితే శ్రీ తీసేద్దాం," అన్నాను.

"పోయినవాళ్ళకి శ్రీ లేకుండానా? రేపు ఎవరైనా అడిగితే మీరు జవాబు చెబుతారా?" అన్నారు అధ్యక్షులు.

"నంబర్లు వేద్దాం సార్," అన్నాడు కార్యదర్శి.

"జైలా ఇది?"

పెద్దావిడ ఇంతసేపూ సంచీ ఒళ్ళో పెట్టుకుని వింటోంది. "ఏటి బాబూ, ఆడి పేరు రాయడానికి ఇంత సభా? రేవులో అందరూ కేకలోడనీవోరు. అదే రాసీండి."

"అమ్మా, కీర్తిశేషుల్ని పట్టుకుని కేకలోడంటామా?" అన్నారు అధ్యక్షులు.

"నాను నలభై ఏళ్ళు అన్నాను. ఒక్కపాలీ కోపమొచ్చీలేదు ఆడికి. మీకెందుకు బాబూ?"

అధ్యక్షులు నియమావళి పుస్తకం తిరగేయడం మొదలుపెట్టారు. కార్యదర్శి అప్పటికే టైపు చేసి చూశాడు. కే, ఈ, కే, ఏ, ఎల్, ఓ, డీ, యూ. ఎనిమిదే. మిగతా పదకొండు మందినీ ఇళ్ళల్లో ఏమని పిలిచేవారో ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఇద్దరు భార్యలు చెప్పడానికి సిగ్గుపడ్డారు. అధ్యక్షులు కూడా చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. బిరుదులన్నీ కొత్తగా చేసే డిస్కు పైభాగాన మార్కర్‌తో రాయాలి. గుండ్రంగా తిప్పి తిప్పి రాశాను. పన్నెండో ఆయనకి వచ్చేసరికి మధ్యనున్న రంధ్రం అడ్డొచ్చింది. నాలుగింటికి డిస్కు ఆవిడ చేతికిచ్చాం.

మర్నాడు పొద్దున్న తొమ్మిది దాటాక బడి మాస్టారి ఫోన్ నుంచి ఆవిడ మాట్లాడింది. వెనక పాట వినిపిస్తోంది. పిల్లలెవరో నవ్వుతున్నారు.

"పాడతన్నాడు బాబూ," అంది. "రెండో సరణం మరిసిపోనాడు సూసినారా? బతికున్నప్పుడూ అంతే. అక్కడికొచ్చీసరికి నానే అందియ్యాల."

ఫోన్ పెట్టేయకుండానే ఆ చరణం అందుకుంది.