డ్రాయింగు మాస్టరు రాయించిన నిజం

మా డ్రాయింగు మాస్టరు పోయారన్న మాట నాకు కృష్ణగిరి బస్టాండులో తెలిసింది. టాక్సీ నిలిపి బాడుగ కోసం చూస్తుంటే, హోసూరు బస్సు దిగిన ఒకాయన నా దగ్గరకు వచ్చి, "మీ సార్ నిన్న పొద్దున పోయినారప్పా, నీకు తెలీదా?" అన్నాడు. ఖాళీ కారుతోనే హోసూరు వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది.

మీలో హోసూరు బడిలో చదివినవాళ్ళకు ఆయన గుర్తుండే ఉంటారు. కుండ బొమ్మ గీసేముందు కుండను చేత్తో తడిమి చూడమనేవారు. మాది కెలమంగలంలో కుండలు చేసే ఇల్లు. "నువ్వు చూడకుండా గీసేస్తావని తెలుసు. అయినా చూడప్పా" అనేవారు నాతో.

రిటైరైన తర్వాత ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు పని పెట్టుకున్నారు. పదేళ్ళు లారీ తోలిన నేను, మా బావతో కలిసి కొత్త కారు కొన్నది అప్పుడే. బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకున్న కారు. బెంగుళూరు నుంచి రోడ్డు మీదికి తేవాలంటే ముందు ఇన్సూరెన్సు ఉండాలి. నేరుగా ఆయన ఇంటికే వెళ్ళాను.

ఫారం ముందు పెట్టుకొని, "ఈ కారులో ఎవురు కూర్చుంటారప్పా?" అని అడిగారు.

"మేమే సార్. ఇంటి వాడకానికే."

నిజానికి పెళ్ళిళ్ళకూ ఆస్పత్రులకూ బాడుగకు తిప్పాలని మా ఆలోచన. ఇంటి వాడకమని రాస్తే కట్టేది తగ్గుతుందనీ, టాక్సీ పర్మిట్టు కోసం తిరిగే పని తప్పుతుందనీ ఎవరో చెప్పారు. నా మొహం చూసి ఆయన కలానికి మూత పెట్టారు.

"బాడుగకు కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే కంపెనీవాళ్ళు ఈ కాగితమే చూస్తారు. ఆ మనిషి దీంట్లో లేడు కదా."

"అందురూ ఇట్లే రాస్తారు సార్."

"రాయనీ. నేను రాయను."

కోపంగా లేచి వచ్చేశాను. వేరే ఏజెంటును చూద్దామన్నాడు బావ. మర్నాడు మాస్టరే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. "పర్మిట్టుకు సేలం పోదాం రా, నేనూ వస్తా" అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చారు. ఆఫీసు బెంచీ మీద నా పక్కన సాయంత్రం దాకా కూర్చునేవారు. ఈలోగా ఆ నెల పెళ్ళిళ్ళన్నీ అయిపోయాయి. "ముహూర్తాలు పోయినంక కారొస్తే ఏమి, రాకుంటే ఏమి?" అంది నా భార్య. నేనూ లోలోపల ఆయన్నే తిట్టుకున్నాను. ఆఖరికి బాడుగ కారనే చెప్పి రాయించాను, పర్మిట్టూ వచ్చింది.

ఏడాది తిరక్కముందే, బాగలూరు దారి మలుపులో మేకలను తప్పించబోయి కారును కాలువలోకి దించాను. బాడుగకు ఎక్కి వెనక కూర్చున్న ముసలామెకు తొడ ఎముక విరిగింది. ఆమె కొడుక్కి పూలతోట ఉంది. ఆస్పత్రిలో అతను నన్ను ఒక్క మాటా తిట్టలేదు. "మాయమ్మ మళ్ళీ నడుస్తుందా అప్పా?" అని మాత్రం అడిగాడు.

క్లెయిము ఫారంలో ప్రమాదం జరిగిన చోటు పటం గీయాలి. మాస్టరు ఆ మలుపంతా అడుగులతో కొలిచారు.

"మేకలు రోడ్డు నడిమధ్యలో ఉన్నట్టు గీయండి సార్" అన్నాను.

"యాడ ఉండినాయి?"

"ఓరగా, రోడ్డు అంచున."

"ఓరగానే గీస్తా. ఆమెకు చూపిస్తే, ఆమె కూడా ఔననాల."

ఆ పటం తీసుకొని ఆస్పత్రికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఆమెకు చూపించారు. ఆమె వేలు పెట్టి చూసి తలూపింది.

కంపెనీ కొన్ని నెలలు తీసుకుంది గానీ, వైద్యానికీ నష్టానికీ ఇవ్వవలసింది ఇచ్చింది. ఆమె కర్ర పట్టుకొని మళ్ళీ తోటలోకి నడిచింది. ఇంటి వాడకమని రాసి ఉంటే నేను కారు అమ్ముకోవలసి వచ్చేది, అయినా ఆమెకు అంత వైద్యం చేయించలేకపోయేవాణ్ణి. ఆ మాటే చెప్పి దండం పెట్టబోతే ఆయన నా చేతులు పట్టుకున్నారు. "నిజం చెప్పింది నువ్వు. నేను రాసినాను, అంతే" అన్నారు.

నా చేత ఆ నిజం చెప్పించడానికి ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు.

ఆఖరుసారి ఆయన్ను చూసింది కిందటి వానాకాలంలో, జూజువాడి దగ్గర. కట్టిన పూలదండ ఇంకా వాడిపోని కొత్త లారీ పక్కన, దాని సొంతదారు పాలసీ కాగితం పట్టుకొని నిలబడి ఉన్నాడు. మాస్టరు ఒక్కో వరుసకూ తెలుగులో అర్థం చెబుతున్నారు. చినుకులు మొదలయ్యాయి. ఆయన గొడుగు విప్పి ఆ కాగితం మీద పట్టారు. చొక్కా భుజాల మీద తడిసి అతుక్కుపోతున్నా, వేలితో తర్వాతి వరుస చూపిస్తూనే ఉన్నారు.