ఈక్వెడార్ భయం

ఈక్వెడార్ పేరు రొయ్యల ఫ్యాక్టరీలో చేరేదాకా నేను వినలేదు. డిగ్రీ చదివాను కాబట్టి రొయ్యలు వలిచే హాలుకు నన్ను సూపర్‌వైజర్ని చేశారు గానీ, ఆ దేశం ఎక్కడుందో చూపించమంటే మ్యాపు ముందు దిక్కులు చూసేదాన్ని. మన రాష్ట్రంలో సగం జనం కూడా లేని దేశమట. మన దేశమంతా కలిసి పంపేదానికన్నా ఎక్కువ రొయ్యలు అదొక్కటే పంపుతోందని మేనేజరుగారు ప్రతి సోమవారం మీటింగులో చెప్పేవారు.

"వాళ్ళకి అమెరికా దగ్గరండి. మన సరుకు మీద అక్కడ సుంకం కూడా పెంచేరు. ఇప్పుడు రొయ్యల్లో యాంటీబయాటిక్ మందు అవశేషాలున్నాయని ఒక్క కంటైనర్ వెనక్కొచ్చిందంటే ఆ ఆర్డరు ఈక్వెడార్‌కి పోతుంది. మనం గేటుకి తాళం వేసుకోవడమే."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేసేది. మా ఇంట్లో జీతం నాదొక్కటే.

ఓ సోమవారం ఆయన కొత్త సంగతి చెప్పారు. ఆ అవశేషాలు చెరువుల్లోంచే రానక్కర్లేదట. వలిచేవాళ్ళు చేతులకు రాసుకునే కొన్ని ఆయింట్‌మెంట్ల నుంచి కూడా వస్తాయట. కంటికి రాసే మందు కూడా అందులో ఒకటి.

అంతకు ముందు శనివారం, కాట్రేనికోన నుంచి వచ్చే ఒకావిడకి రొయ్య ముల్లు గ్లౌజు చీల్చుకుని వేలికి దిగింది. రూలు ప్రకారం ఆవిడని ఇంటికి పంపాలి. పంపితే ఆ రోజు కూలి పోతుందని జాలిపడి, నా బ్యాగులో ఉన్న కంటి మందు నేనే రాసి, కొత్త గ్లౌజు తొడిగి మళ్ళీ పనిలో నిలబెట్టాను. ఆవిడ వలిచిన సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది.

మేనేజరుగారు చెప్పింది హాల్లో అందరికీ చెప్పాల్సింది కూడా నేనే. చెబుతున్నంతసేపూ ఆవిడ వైపు చూడలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే గురువారం కంటైనర్ వెళ్ళిపోతుంది. బుధవారం పొద్దున్న ఇక ఉండబట్టలేక మేనేజరుగారి గదికి వెళ్ళాను.

ఆవిడ అప్పటికే లోపల నిలబడి ఉంది.

"కంటి మందండి, ఆయ్. నేనే మెడికల్ షాపులో కొనుక్కుని రాసుకున్నానండి. శనివారం నేను వలిచింది పక్కన పెట్టించండి," అంటోంది. నా ఊసే ఎత్తలేదు.

మేనేజరుగారు నా వైపు తిరిగారు. "ఈ సంగతి మీకేమైనా తెలుసాండి?"

ఆవిడ నన్ను చూసి, కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపింది.

"తెలీదండి," అన్నాను.

సరుకు పక్కన పెట్టించారు. ఆవిడని ఆ పూటే పనిలోంచి తీసేశారు. హాజరు పుస్తకంలో పేరు కొట్టేయడం సూపర్‌వైజర్ పని. గీత వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.