ఆపరేషన్ ఆమెకు, గుండు నాకు

కష్టంలో ఉన్న భార్యకు భర్త తోడుండాలని చిత్తూరులోని మా చర్చిలో ఎన్ని ఆదివారాలు ప్రసంగించానో! తీరా నా వంతు వచ్చాక నేనిచ్చిన తోడు చూసి, సంఘం నన్ను వెలేసినంత పని చేసింది. వినండి. మీ ఇంట్లో మగవాళ్లుంటే వాళ్లకూ వినిపించండి.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. బైబిలు కంఠతా వచ్చు, బుద్ధి ఇంకా రాలేదు. మా ఆవిడ సుగుణకు మెదడు కింద గడ్డ ఉందని స్కానింగులో తేలింది. "ఆలస్యం చేస్తే చూపు పోతుంది, ఆపరేషన్ చేయాలి" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత కూడా ఆయన చాలాసేపు మాట్లాడాడు. మేమిద్దరం గంగిరెద్దుల్లా తలలూపాము. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చి సుగుణ నడుము దాటే జడను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేను పోను. గుండుతో సూస్తే పాప బయపడతాది."

"సూపే పోతే పాపనెట్ల సూస్తావే?"

జడ విప్పి మళ్లీ అల్లుకుంది. నాలుగు రోజులు ఆసుపత్రి మాటే ఎత్తనివ్వలేదు. ఐదో రోజు, శనివారం, నాకు దైవదర్శనంలాంటి ఆలోచన వచ్చింది. ముందు నేనే గుండు చేయించుకుంటే పాపకు అలవాటవుతుంది, సుగుణకు ధైర్యం వస్తుంది! దూకే ముందు బావి లోతు చూడమంటారు పెద్దలు. నేను బావి ఉందో లేదో కూడా చూడలేదు.

గుండుతో ఇంటికొస్తే పాప భయపడలేదు సరికదా, నా భుజాలెక్కి తబలా వాయించింది. సుగుణ నా గుండు నిమిరి, "సరే, సోమవారం పోదాం" అంది. గెలిచాననుకున్నాను.

కానీ మధ్యలో ఆదివారం ఉంది కదండీ! మా వైపు నున్నటి తల కనపడితే ఎక్కడినుంచి వచ్చావని ఎవరూ అడగరు, లడ్డూ ఏదని అడుగుతారు. నేను చర్చిలో అడుగుపెట్టగానే పాట సగంలో తెగింది. పాస్టరుగారు వేదిక దిగి వచ్చారు.

"ఏమప్పా, కొండకు పోయినావా?"

"లేదయ్యా, సెలూనుకు పోయినా."

"మొక్కుకున్నావా?"

"మొక్కు కాదయ్యా, మా ఆవిడకు తోడు!"

"ఆయమ్మకు నిండా జుట్టుండాదే?"

నిజమే, ఉంది. వెనక వరుసలోని ముసలి రాహేలమ్మవ్వ నా చెయ్యి గిల్లి, "పోతే పోయినావులే నాయనా, అయ్యగారికి తెలీకుండా నాకింత లడ్డు ఇయ్యి" అంది.

సోమవారం డాక్టరు నా తల చూశాడు, సుగుణ జడ చూశాడు.

"ముక్కులో నుంచి తీస్తామని ఆరోజే రెండుసార్లు చెప్పినాను కదమ్మా. ఒక్క వెంట్రుక కూడా ముట్టం."

స్కానింగు నాటి నుంచి నవ్వని మనిషి కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. కళ్లు తుడుచుకుంటూనే కాగితాల మీద సంతకం పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగగానే పాపను చూసి పేరు పెట్టి పిలిచింది. మూడో రోజు వేరే సంఘం నుంచి ఒక అక్క పరామర్శకు వచ్చింది. మంచం మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం, ఒత్తు జడతో సుగుణ, గుండుతో నేను. ఆ అక్క ఏమీ అడగకుండా రెండు చేతులూ నా నెత్తిన పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డ మెదడును బాగుచెయ్యి" అని ప్రార్థన అందుకుంది. నేను నోరు తెరవబోయాను. సుగుణ ముక్కులో దూదితోనే అడ్డుపడింది.

"ఆపొద్దక్కా, ఇంకొంచెం గట్టిగా చెయ్యి. అసలు జబ్బు ఆడనే ఉండాది!"

ఆ చేతుల కిందే సర్వశక్తిమంతుడి ఎదుట ప్రమాణం చేశాను. నా భార్య కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ, డాక్టరును ఇంకోసారి అడగకుండా వెంట్రుక మాత్రం ఇవ్వను.