ఈలకు పలికే చైనా కీచైన్

మా పక్కింటి మల్లేశం బావ పటాన్‌చెరు బస్టాండు ముందు తోపుడు బండి మీద చైనా కీచైన్ ఒకటి కొన్నాడు. ఈల వేస్తే చాలు, తాళంచెవి ఎక్కడున్నా కుయ్ కుయ్‌మని పలుకుతుంది. వారం రోజులుగా మా ఊరు చిట్కుల్ అంతా తిరిగి ఈలలు వేసి చూపించాడు. నాకు ఒళ్లు మండి, ఈ మధ్యాహ్నం వాళ్ల గూట్లోంచి దాన్ని బైకు తాళంచెవితో సహా తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

రెండింటికి ఆయన షిఫ్టు. ఆలస్యమైతే ఫ్యాక్టరీ గేటు మూస్తారు, ఆ పూట హాజరు పోతుంది. బైకు తాళంచెవి కనబడక బావ ఈల వేయబోతూ ఇల్లంతా తిరిగాడు. కంగారుకి పెదవులెండి గాలి తప్ప ఏమీ రాలేదు.

"చైనాల ఈల వేరే ఉంటదేమో బావా, జెర గట్ల వేసి సూడు" అన్నాను.

అంతలో వంటింట్లో కుక్కర్ కూసింది. వెంటనే నా జేబు కుయ్ కుయ్‌మంది.

బావ భార్య యాదమ్మక్క గరిటెతో బయటికొచ్చింది. "నీ గుండె గిట్ల మొత్తుకుంటుందేంది తమ్మీ? దవాఖానకు పోదామా?"

బావ తాళంచెవి లాక్కుని పరుగెత్తాడు కానీ అప్పటికే గేటు మూసేశారట. తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని తీరిగ్గా ఈలలు వేస్తున్నాడు. ఇప్పుడు ఆ కీచైన్ ప్రతి ఈలకూ పలుకుతోంది. తప్పయింది బావా అందామన్నా ఆ కూతల్లో నా మాట వినబడదు.

దాని నోరు మూయించే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బ్యాటరీ అయిపోతుందిలే అనకండి, అమ్మినవాడు ఇంకో రెండు ఉచితంగా ఇచ్చాడట.