మ్యాపులో మిగిలిన బావి

ఎల్లారెడ్డిలో నేను భూగోళం పాఠాలు చెబుతాను. పోయిన ఎండాకాలం పాత సర్వే మ్యాపు ఒకటి చూస్తుంటే, పోచారం వైపు అడవి అంచున కొన్ని ఇండ్ల గుర్తులూ, పక్కనే బావిని సూచించే నీలి చుక్కా కనిపించాయి. కొత్త మ్యాపులో అక్కడ ఏమీ లేదు. పక్కింటి అవ్వకు చెబితే లేచి కూర్చుంది.

"అది మా పాత ఊరే బిడ్డా. బాయి ఎండిపోతే ఇడిసిపెట్టి వచ్చినం. ఒక్కసారి తీస్కపో నన్ను."

మరునాడు ఆటో దిగి, మ్యాపులో ఉన్న కాలిబాట పట్టుకుని నడిచాం. మొండిగోడలు కనబడకముందే కంపు కొట్టింది. బావి నిండా చచ్చిన కోళ్లు, ఉబ్బిపోయి, పురుగులు పట్టి ఉన్నాయి. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

దగ్గర్లోని కోళ్ల ఫారం యజమానిని నిలదీశాను. అతను ఫోనులో మ్యాపు తెరిచి నా ముఖం ముందు పెట్టాడు.

"ఊరు ఏడున్నది సార్? గిదంతా ఒట్టి జాగ."

"గా బాయి నీళ్లే తాగి పెరిగిన నేను," అంది అవ్వ.

అతను నవ్వాడు. బావిలో చూసిన దానికంటే ఆ నవ్వే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

పంచాయతీలో ఫిర్యాదు రాసిచ్చాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఆ రోజు తిరిగి వస్తుంటే అవ్వ ఆటోలో అంది: "ఎందుకు తీస్కపోయినవ్ బిడ్డా? నా కండ్లల్ల మా బాయి మంచిగ ఉండె."

తీసుకెళ్లమని అడిగింది తనే. అయినా, చేతిలోని పాత మ్యాపును ఆమెకు కనబడకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాను.