నొయెల్లా వాషింగ్టన్ వెళ్లిన సంగతి

నొయెల్లా మిషో వాషింగ్టన్ వెళ్లి, మా ప్రాంతం నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడి పక్కన కూర్చుని విందు ఆరగించి, మన పరపతి సంఘాన్ని అమ్మేసి వచ్చిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఈ మాట మంగలి షాపులో విన్నాను. చర్చి కింద హాల్లో శనివారం చిక్కుడుగింజల భోజనాల దగ్గరా విన్నాను. విన్న ప్రతిసారీ ఆ విందులో ఒక వంటకం పెరుగుతోంది. మొదట చేప అన్నారు, ఇప్పుడు లాబ్‌స్టర్ దాకా వచ్చారు.

బడి మధ్యలో మానేసి నేను సంఘంలో పనికి చేరినప్పుడు నన్ను ఆమె పక్కన, డబ్బు తీసుకుని ఇచ్చే కిటికీలో కూర్చోబెట్టారు. కాగితం మిల్లు నడిచిన రోజుల నుంచీ ఆమె అక్కడే ఉంది. మిల్లు పోయింది, మిల్లు కార్మికులు పెట్టుకున్న సంఘం మాత్రం మిగిలింది. పింఛనుకు వచ్చే ముసలివాళ్లు నా కిటికీ ఖాళీగా ఉన్నా ఆమె ముందే వరుస కట్టేవారు. వాళ్ల చెవుడుకు తగ్గట్టు ఆమె గొంతు పెంచి యోగక్షేమాలు అడిగేది. ఖాతాలో ఎంతుందో మాత్రం చీటీ మీద రాసి చూపించేది, వెనకవాళ్ల చెవిన పడకుండా.

దేశంలోని ఇలాంటి సంఘాలకు ఒక రాజకీయ నిధి ఉంది. తమ మాట వినే అభ్యర్థులకు ఎన్నికల విరాళాలు అందులోంచే వెళ్తాయి. శుక్రవారం ఐదు డాలర్లు ఆ నిధికి ఇచ్చిన ఉద్యోగులు జీన్స్ వేసుకుని పనికి రావచ్చు. ఇవ్వనివాళ్లను ఎవరూ ఏమీ అనరు. కానీ ఎవరు ఇవ్వలేదో వాళ్ల బట్టలే చెబుతాయి. నొయెల్లా ఒక్క శుక్రవారం కూడా మానకుండా ఇచ్చేది. ఇచ్చి, ఎప్పటి బూడిదరంగు స్కర్టుతోనే వచ్చేది.

"గుర్రం కొనకుండానే గడ్డికి డబ్బు కడుతున్నావేంటి నొయెల్లా?" అని నవ్వేవాడు మేనేజరు వెండెల్.

"నా కాళ్ల సంగతి నీకెందుకయ్యా? రేపెప్పుడైనా మనకు అవసరం పడితే ఒక మాట అడగడానికి మొహం ఉంటుంది."

ఆ అవసరం రానే వచ్చింది. దక్షిణాన నగరంలో ఉన్న పెద్ద సంఘం మా సంఘాన్ని కలిపేసుకుంటానంది. కలిస్తే మా ఊరి శాఖ ఉండదు. ఆ తర్వాతి శాఖకు అడవి దారిన గంటకు పైగా కారు నడపాలి. మంచు పడితే ఆ దారే ఉండదు. మా బోర్డు ఒప్పేసుకుంది. ఇక వాషింగ్టన్‌లోని అధికారులు అనుమతిస్తే సంఘం సభ్యుల ఓటుకు వస్తుంది. ఆ అధికారులకు కాంగ్రెస్ సభ్యుడు ఒక్క మాట చెబితే చాలని నొయెల్లా నమ్మింది.

ఏటా చలికాలం చివర సంఘాలవాళ్లు గుంపుగా వాషింగ్టన్ వెళ్లి కాంగ్రెస్ సభ్యులను కలుస్తారు. ఆ ఏడు నిధికి తప్పకుండా ఇచ్చినందుకు వెండెల్‌తో పాటు ఆమెకూ చోటిచ్చారు. వెళ్లే ముందు రోజు, ఇంటి నుంచి తెచ్చిన బక్‌వీట్ పిండి అట్టు చుట్టి చేతిలో పట్టుకుని, అక్కడ చెప్పబోయే మాట నా ముందు నిలబడి వల్లించింది.

"విలీనం ఆపమనడం లేదండీ. మా ఊళ్లో ఒక్క కిటికీ తెరిచి ఉంచమని చెప్పించండి. అంతే." అట్టు కొరికింది. "బాగుందా?"

"కొంచెం గట్టిగా చెప్పండి అత్తా."

"ఇంకా గట్టిగానా? మన చెవిటి అర్మాన్‌కి చెప్పినట్టు అరవమంటావా ఏంటే?"

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆమె తిరిగొచ్చేలోపే మా ఊరి పత్రికలో ఫొటో వచ్చింది. కాంగ్రెస్ భవనం తెల్ల గుమ్మటం ముందు మెట్ల మీద అందరూ, చివర్న నొయెల్లా. తిరిగొచ్చాక ఆ ప్రయాణం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. మంచు కరిగేసరికి అనుమతి వచ్చింది. విలీనమైతే సభ్యులకు బోనస్ పంచుతామన్నారు, ఓటు నెగ్గింది. వెండెల్‌కి నగరంలో ఉద్యోగం దొరికింది. ఆమెకూ నాకూ దొరకలేదు.

మొన్న కిరాణా కొట్లో ముసలి అర్మాన్ ఆమెను చూసి అందరికీ వినపడేలా, "విందు ఎలా ఉంది నొయెల్లా? మాకూ ఓ ముక్క తేవాల్సింది!" అన్నాడు.

"ఉప్పు తక్కువైంది అర్మాన్," అని ఆమె పాలడబ్బా తీసుకుని బయటికి నడిచింది.

నేనూ వెనకాలే వెళ్లాను. కారెక్కమంది, ఎక్కాను. కారు కదిలాక అడిగాను.

"అత్తా, ఆ మాట చెప్పారా?"

"ఎక్కడ చెప్పనే? కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో గది చిన్నది, కుర్చీలు చాలలేదు. 'నువ్వు బయట చలికోట్లు పట్టుకుంటావా నొయెల్లా' అన్నాడు వెండెల్. నడవాలో బెంచీ మీద కూర్చున్నా. లోపల కొట్లలో కార్డు గీకితే పడే రుసుముల చట్టం గురించి మాట్లాడుకున్నారట."

"మరి బయటికొచ్చాక? ఆయన మీ ముందు నుంచే వెళ్లి ఉంటాడుగా?"

"ఎవరు?" అంది ఆమె.

ఆ గదిలో వాళ్లతో మాట్లాడింది ఆయన దగ్గర పనిచేసే ఒక కుర్రవాడు. కాంగ్రెస్ సభ్యుడు ఆ రోజు వాషింగ్టన్‌లోనే లేడు.